అద్దంతో పాము ఫొటో: ఏది నేర్చుకోవాలి, ఎక్కడ ఆగాలి

కోనసీమలో వానలు మొదలైతే చాలు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పాముల ఫొటోలు తిరగడం మొదలవుతుంది. ఐనవిల్లి, ముక్తేశ్వరం చుట్టుపక్కల ఊళ్లలో కాలువ గట్లు, వరి చేలు, కొబ్బరి తోటలు, గోదావరి పాయల మధ్య లంకలు ఉన్నాయి. ఎలుకలూ కప్పలూ ఉన్నచోటికి పాము రాకుండా ఉండదు. వరద వస్తే పుట్టల్లో, కన్నాల్లో ఉన్నవి కూడా మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. 2022 జులైలో గోదావరి పోటెత్తినప్పుడు లంక గ్రామాల వాళ్లకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది.

ఇదివరకు పాము కనిపిస్తే కర్ర కోసం పరిగెత్తేవారు. ఇప్పుడు కుర్రాళ్ల చెయ్యి ముందు సెల్‌ఫోన్ మీదికే పోతోంది. దీనికి తోడు విదేశాల్లో పెంపుడు పాములను అద్దం మీద పెట్టి తీసిన వీడియోలు, ఫొటోలు యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో విపరీతంగా కనిపిస్తున్నాయి. ఒకే ఫొటోలో పాము వీపు, పొట్ట రెండూ కనిపిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మనమూ అలా తీస్తే బాగుండుననే కోరిక పిల్లలకు పుట్టడంలో వింత లేదు.

అందుకే ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో, మన దగ్గర దానిలో ఎంతవరకు చేయొచ్చో, ఎక్కడ చట్టమూ ప్రాణమూ అడ్డొస్తాయో తల్లిదండ్రులకూ పిల్లలకూ తెలిసి ఉండటం మంచిది.

అద్దం ఎందుకు పెడతారు?

అమెరికా, యూరప్ దేశాల్లో కార్న్ స్నేక్, బాల్ పైథాన్ లాంటి విషం లేని పాములను ఇళ్లలో పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అద్దాన్ని ముఖ్యంగా రెండు పనులకు వాడతారు.

మొదటిది, కింది వైపు చూపించడానికి. పాము పొట్ట మీద అడ్డంగా పట్టీల్లా ఉండే వెడల్పాటి పొలుసులు, తోక కింది పొలుసులు దాని జాతిని గుర్తుపట్టడానికి చాలా అవసరం. పామును తిరగేసి పట్టుకుంటే దానికి హింస, పట్టుకున్నవాడికి ప్రమాదం. కింద అద్దం ఉంటే పామును కదిలించకుండానే ఆ వైపు కనిపిస్తుంది.

రెండోది, వెలుగు కోసం. ఒకవైపు నుంచి ఎండ పడుతుంటే రెండోవైపు నీడగా ఉంటుంది. చిన్న అద్దంతో ఆ ఎండను నీడవైపు మళ్లిస్తారు. అమెరికా ఎడారుల్లో తాబేళ్ల లెక్కలు తీసేవాళ్లు కూడా బొరియల్లోకి అద్దంతో ఎండ కొట్టి లోపల తాబేలు ఉందో లేదో చూస్తుంటారు. టార్చి కంటే మధ్యాహ్నపు ఎండ ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగిస్తుంది మరి.

అద్దంలో పాముకు ఏం కనిపిస్తుంది?

అద్దంలో తన నీడను చూసి పాము ఇంకో పామనుకుని పోట్లాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పాము లోకం మన లోకంలా కంటిచూపు మీద నడవదు. అది నాలుక ఆడించినప్పుడల్లా గాల్లోని, నేలమీది వాసన కణాలను నోట్లోకి తీసుకుంటుంది. నోటి పైభాగంలో ఉండే జాకబ్సన్ అవయవం ఆ వాసనను చదువుతుంది. ఎదుట ఉన్నది తిండా, శత్రువా, తన జాతి పామా అన్నది తేల్చుకోవడానికి ఈ వాసనే పెద్ద ఆధారం. అద్దంలోని బొమ్మకు ఏ వాసనా ఉండదు. కాబట్టి పాముకు అది పాము కాదు. మహా అయితే ఏదో కదులుతోందన్న అలజడి కలగొచ్చు.

జంతువులు అద్దంలో తమను తాము గుర్తుపడతాయా అన్న పరీక్షను గోర్డన్ గాలప్ అనే శాస్త్రవేత్త 1970లో చింపాంజీల మీద చేశారు. పాములకు ఆ పరీక్ష అదే రూపంలో పెడితే న్యాయం కాదు. అందుకే కెనడా పరిశోధకులు కంటి అద్దానికి బదులు 'వాసన అద్దం' పెట్టారు. పాము సొంత వాసనను, ఆ వాసనలోనే ఆలివ్ నూనె కలిపిన దాన్ని దాని ముందు ఉంచారు. గార్టర్ స్నేక్ అనే జాతి పాములు మార్పు చేసిన తమ వాసన దగ్గర ఎక్కువసేపు నాలుక ఆడించాయి. బాల్ పైథాన్లు అలా చేయలేదు. ఆ ఫలితాలు 2024లో అచ్చయ్యాయి.

అద్దం వల్ల పాముకు కలిగే ఇబ్బంది వేరే ఉంది. పాముకు కనురెప్పలు లేవు. కంటిమీద పారదర్శకమైన పొర మాత్రమే ఉంటుంది. కళ్లలోకి అద్దంతో ఎండ కొడితే అది కళ్లు మూసుకోలేదు. పైగా పాము ఒంటి వేడి చుట్టూ ఉన్న వేడిని బట్టి మారుతుంది. ఎండలో కాలిన అద్దం మీద దాన్ని ఉంచితే తట్టుకోలేదు. పెంపుడు పాములున్న దేశాల్లో కూడా జాగ్రత్తగా ఉండేవాళ్లు నీడలోనే, కొద్ది నిమిషాల్లోనే పని ముగిస్తారు.

మన దగ్గర పామును పెంచుకోవచ్చా?

కుదరదు. మన నేలమీద పుట్టే ఏ పామునూ ఇంట్లో పెట్టుకోవడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఒప్పుకోదు. ఈ చట్టాన్ని 2022లో సవరించారు. సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నాగుపాము, రక్తపింజరి, కొండచిలువలతో పాటు ఊళ్లలో తరచూ కనిపించే జెర్రిపోతు కూడా ఇప్పుడు ఒకటో షెడ్యూల్‌లోనే ఉంది. ఒకటో షెడ్యూల్ జంతువు విషయంలో తప్పు రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడుతుంది.

చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఈ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల వేయడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. ఫొటో కోసమే కదా అని పామును డబ్బాలో పెట్టినా చట్టం దృష్టిలో అది పట్టుకోవడమే. ప్రాణరక్షణ కోసం మంచి ఉద్దేశంతో చేసిన పనికి మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది.

విదేశీ పాముల సంగతి వేరు. బాల్ పైథాన్ లాంటివి అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలో ఉన్నాయి. అలాంటి జంతువులు ఎవరి దగ్గరున్నా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నియమాలు తెచ్చింది. అనుమతి కాగితాలు లేకుండా బ్యాంకాక్ నుంచి బ్యాగుల్లో తెచ్చిన పాములను చెన్నై లాంటి విమానాశ్రయాల్లో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. కోనసీమ నుంచి గల్ఫ్‌కు, ఇతర దేశాలకు వెళ్లి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. స్నేహితుడు ఇచ్చాడనో, పిల్లాడు అడిగాడనో తెస్తే బతుకుతెరువు కోసం వాడే పాస్‌పోర్టే చిక్కుల్లో పడుతుంది.

ఒక్క ఫొటో ఖరీదు

2023 జనవరిలో నెల్లూరు జిల్లా కందుకూరులో ఒక యువకుడు పామును మెడలో వేసుకుని సెల్ఫీ తీసుకోబోయి కాటుకు గురై చనిపోయాడు. 2024 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లాలో ఇంకో యువకుడు నాగుపాము తలను నోట్లో పెట్టుకుని వీడియో తీయించుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇద్దరూ కుర్రవాళ్లే. పాము మెత్తగా ఉంది, కోరలు తీసేశారు, పట్టడం వచ్చినవాడు పక్కనే ఉన్నాడు అనే ధైర్యాలేవీ ఇలాంటిచోట పనికిరావు. విరిగిన కోర స్థానంలో కొత్త కోర మళ్లీ వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పాముకాటుతో చనిపోతున్నారు. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో 2000 నుంచి 2019 వరకు దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రాష్ట్రమూ ఉంది. 2018లో కృష్ణా జిల్లా దివిసీమలో కాట్లు ఒక్కసారిగా పెరిగి జనం పొలాలకు వెళ్లడానికి వణికిపోయారు. దివిసీమ లాంటిదే కోనసీమ కూడా. ఇక్కడా డెల్టా నేలే, వరి చేలే, ఎలుక కన్నాలే.

కుబుసం: ప్రమాదం లేని మోడల్

మరి నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న పిల్లల్ని వద్దనడమేనా? అక్కర్లేదు. చీకట్లో తాడును చూసి పాము అనుకుంటారంటారు. ఫొటో నేర్చుకోవడానికి మొదట ఆ తాడు చాలు. తిరునాళ్లలో దొరికే రబ్బరు పాము ఇంకా మేలు. వీటితో చెయ్యి కుదిరాక అసలైన వస్తువు ఒకటుంది. అది కుబుసం.

పాము పెరుగుతూ పాత చర్మాన్ని మేజోడు తిరగేసినట్టు ఒలిచేసి వెళ్లిపోతుంది. కళ్లమీది పొరలతో సహా ప్రతి పొలుసు అచ్చు అందులో ఉంటుంది. ఒలిచేటప్పుడు సాగుతుంది కాబట్టి కుబుసం పొడవు చూసి పాము అంతే ఉంటుందనుకోకూడదు.

అద్దం పద్ధతి నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఇంటి చూరులోనో, బాత్రూమ్ పక్కనో కుబుసం కనిపిస్తే ఇంటిల్లిపాదికీ ఒకటే ప్రశ్న: కట్లపాముదా, కాదా? కట్లపాములాగే ఒంటిమీద అడ్డచారలున్న వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని చిన్న పాము కూడా ఇళ్లలోకి వస్తుంది. కుబుసంలో రంగులు సరిగ్గా తెలియవు. పొలుసులే చెప్పాలి. కట్లపాముకు వెన్ను మధ్యలో ఉండే వరుస పొలుసులు పక్కవాటికంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. తోక కింది పొలుసులు రెండుగా చీలకుండా ఒకే వరుసలో ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు వెన్ను పొలుసులు అలా పెద్దవిగా ఉండవు, తోక కింద పొలుసులు జంటలుగా ఉంటాయి. ఒక గుర్తు పైన, ఇంకో గుర్తు కింద. రెండూ ఒకే ఫొటోలో చూపించగలిగేది అద్దమే.

తీసే విధానం ఇది.

ముందు చుట్టూ చూడాలి. కుబుసం తాజాగా, మెత్తగా ఉంటే పాము దగ్గర్లోనే ఉండొచ్చు. కన్నాల పక్కన, కట్టెల మోపుల్లో, కొబ్బరి డొక్కల కుప్పల్లో చెయ్యి పెట్టొద్దు. పెద్దవాళ్లు పొడవాటి కర్రతో కుబుసాన్ని ఖాళీ చోటికి లాగాకే పిల్లలు దగ్గరికి రావాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకంటే పాముల ఒంటిమీద సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉంటాయి.

నేలమీద చదునైన అద్దం పెట్టి, దాని రెండు చివర్లా అగ్గిపెట్టెలో పెన్సిళ్లో ఉంచి, వాటి మీద కుబుసాన్ని వంతెనలా పరచాలి. అద్దానికి అతుక్కుంటే కింది వైపు కనిపించదు. మరీ ఎత్తులో ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. అద్దంలో బొమ్మ, వస్తువు అద్దానికి ముందు ఎంత దూరంలో ఉందో వెనకాల అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుందని స్కూల్లో చదివే పాఠమే. ఫోను అద్దానికి 40 సెంటీమీటర్ల దూరంలో, కుబుసం 3 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కెమెరాకు కుబుసం 37 దగ్గర, దాని ప్రతిబింబం 43 దగ్గర ఉన్నట్టు. తేడా 6 సెంటీమీటర్లే కాబట్టి ఫోను రెండింటినీ స్పష్టంగా పట్టగలదు. కుబుసం 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అవి 30, 50 అవుతాయి. అప్పుడు ఒకటి స్పష్టంగా, ఒకటి మసకగా వస్తుంది. మరీ దగ్గరికి పోకుండా కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేస్తే ఈ తేడా ఇంకా తగ్గుతుంది.

ఫోనును అద్దానికి నేరుగా పైన పట్టుకుంటే ఫొటోలో ఫోనూ చెయ్యీ కనిపిస్తాయి. ఏటవాలుగా పట్టుకోవాలి. ఫ్లాష్ ఆపేయాలి, లేకపోతే అద్దంలో తెల్లటి మెరుపు తప్ప ఏమీ మిగలదు.

ఫొటోలో ప్రతి అంచుకూ పలచటి రెండో గీత కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మామూలు అద్దానికి వెండిపూత వెనకవైపు ఉంటుంది. గాజు ముందు తలం కూడా కొంచెం వెలుగును వెనక్కి పంపుతుంది. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పడతాయి. గాజు ఎంత పలచగా ఉంటే అంత తక్కువగా కనిపిస్తుంది. టెలిస్కోపుల్లో పూత ముందువైపునే వేసిన అద్దాలు వాడటానికి కారణం ఇదే.

వెలుగు విషయంలో కొబ్బరి తోటలో ఒక ఇబ్బంది ఉంటుంది. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. దాన్ని అద్దంతో మళ్లిస్తే ఇంకా కరుకుగా ఉంటుంది. అక్కడ తెల్లటి చార్టు పేపరో, థర్మోకోల్ షీటో పెడితే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. గడ్డం గీసుకునేటప్పుడు వాడే, ముఖాన్ని పెద్దది చేసి చూపించే గుంట అద్దాన్ని మాత్రం ఎండలోకి తేవొద్దు. అది ఎండను ఒకచోటికి చేర్చి ఎండు మట్టలను, గడ్డివాములను అంటించగలదు.

ఫొటో తీశాక కుబుసాన్ని అక్కడే వదిలేయాలి. దాచుకోవడం, అమ్మడం, కొనడం జోలికి పోవద్దు. ఇంకో మాట. ఫొటో చూసి విషం లేని పామే అని తేలినా, అది ఆ కుబుసం గురించే. ఇంట్లోకి ఒక పాముకు దారి దొరికిందంటే ఇంకోదానికీ దొరుకుతుంది. ఆ దారి మూసేయడమే అసలు పని.

కెమెరా రాకముందే మన పాములకు బొమ్మలు

పాములను దగ్గరగా చూసి పొలుసు పొలుసూ బొమ్మ గీయించిన పని మన తీరంలోనే మొదలైందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో అచ్చయింది. జనం ఏ పామును ఏమని పిలుస్తున్నారో ఆ తెలుగు పేర్లనే ఆయన రాసుకున్నాడు. మనం రక్తపింజరి అనే పామును ఆయన 'కాటుక రేకుల పొడ' అని నమోదు చేశాడు. ఇంగ్లీషులో ఇప్పుడది ఆయన పేరుతోనే రస్సెల్స్ వైపర్. కట్లపాముల శాస్త్రీయ నామంలోని 'బంగారస్' అనే మాట కూడా తెలుగు 'బంగారం' నుంచి వెళ్లిందే. ఏ పాము విషపూరితమో, ఏది కాదో జనానికి తెలియజెప్పడమే ఆ బొమ్మల ఉద్దేశం. రెండు శతాబ్దాలు దాటినా పాము ఫొటోకు అంతకంటే మంచి ప్రయోజనం లేదు.

బతికున్న పామును ఫొటో తీయాలనుంటే

దానికి సరైన చోటు జూ. విశాఖపట్నంలో ఇందిరాగాంధీ జూ పార్కు, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర జూ, హైదరాబాద్‌లో 1963లో మొదలైన నెహ్రూ జూ పార్కు ఉన్నాయి. అక్కడ పాము గాజు పలక వెనక ఉంటుంది. ఆ గాజే మనకు అద్దమై మన ముఖాన్నీ, వెనకాల జనాన్నీ చూపిస్తుంది. ఫోను లెన్సును గాజుకు దాదాపు ఆనించి, చుట్టూ నల్లటి గుడ్డ పట్టుకుంటే ఆ ప్రతిబింబాలు పోతాయి. ఫ్లాష్ వేయొద్దు, గాజు మీద కొట్టొద్దు.

పొలంలోనో, రోడ్డు మీదో పాము కనిపిస్తే కనీసం మూడు మీటర్ల దూరం ఉంచి, జూమ్ చేసి తీసుకోవచ్చు. దగ్గరికి అద్దం తోయడం, కర్రతో పడగ ఎత్తించడం, తోవకు అడ్డం నిలబడటం కూడదు. పాము వెళ్లిపోతుంటే వెళ్లనివ్వాలి. ఇంట్లోకి వస్తే పిల్లల్ని, పశువులను దూరం పంపి, దూరం నుంచే ఒక కన్ను వేసి ఉంచి, అటవీ శాఖకో, శిక్షణ పొందిన పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయాలి.

కాటు పడితే ఫొటో కోసం ఆగొద్దు

కాటేసిన పామును పట్టుకొస్తేనే డాక్టర్ వైద్యం చేస్తారన్నది అపోహ. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే. లక్షణాలు చూసి డాక్టర్లు మందు ఎక్కిస్తారు. దూరం నుంచి ఎవరైనా అప్పటికే ఫొటో తీసి ఉంటే చూపించవచ్చు. దానికోసం పాము వెంట పడితే రెండో మనిషి కూడా కాటు తింటాడు.

కాటు పడినవాళ్లను నడిపించకూడదు. కాటు పడ్డ కాలినో చేతినో కదలకుండా ఉంచి, ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, 108కి ఫోన్ చేయాలి. బండి త్వరగా దొరికితే దానిలోనే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో, అమలాపురం ఏరియా ఆసుపత్రికో తీసుకెళ్లాలి. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం వేయించడం వల్ల విలువైన సమయం పోతుంది. కాటు పడిన టైము గుర్తుంచుకుని డాక్టర్‌కు చెప్పాలి.

కట్లపాము రాత్రిపూట నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు. తెల్లవారుజామున ఎవరైనా కడుపు నొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్ణం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. నేలమీద కాకుండా మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఫజర్‌కు, ఇషాకు మస్జిద్‌కు నడిచి వెళ్లేవాళ్లు, రమజాన్‌లో సహరీకి లేచి పెరట్లోకి వెళ్లే ఆడవాళ్లు టార్చి లేకుండా అడుగు బయట పెట్టొద్దు. వుజూ చేసే చోట నీళ్లుంటాయి, నీళ్ల దగ్గర కప్పలుంటాయి, కప్పల కోసం పాము వస్తుంది. అక్కడ ఒక లైటు ఉండేలా చూసుకోవాలి. నమాజ్ అయ్యాక బయట విడిచిన చెప్పులూ బూట్లూ దులిపి వేసుకోవాలి. పిల్లాడి చేతిలోని సెల్‌ఫోన్‌లో కెమెరాతో పాటు టార్చి కూడా ఉంటుంది. చీకట్లో ముందు వెలగాల్సింది ఆ టార్చే.